ప్రేమమ్మ ముందే చెప్పిన సాక్ష్యం

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. ప్రేమమ్మ చర్చి మనిషి కాబట్టి ఎవరికీ సోమలింగమని పేరు పెట్టదు గానీ, ఆ ఆదివారం చేవెళ్ళ చర్చిలో ఆమె చేసిన పని అచ్చంగా అలాంటిదే.

దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళయింది. "ఎవరైనా చెప్పేదుంటే లేచి చెప్పండి" అని పాస్టరు అయ్యగారు అన్నారో లేదో, ఆడవాళ్ళ వరసలోంచి ప్రేమమ్మ లేచి నిలబడింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది, గొంతు సవరించుకుంది.

"సంఘానికి నా వందనాలు. దేవుడు మాకు మొయినాబాద్‌ల మూడు బెడ్రూముల ఇల్లిచ్చిండు. పెద్ద హాలు, ఎంతమందైనా కూసోవచ్చు. ఈస్టర్ అయినంక మన స్త్రీల సమాజం కూడిక మా ఇంట్లనే. అందరు రావాలె."

చర్చి చర్చంతా "ఆమెన్" అంది. ప్రేమమ్మ పక్కనే కూర్చున్న కోడలు ఎస్తేర్ మాత్రం అనలేదు. ఎలా అంటుంది? ఇల్లు ఇంకా కొననే లేదు. బయానా కూడా ఇవ్వలేదు. ఏ ఇల్లు కొనాలో, ఎంత అప్పు చెయ్యాలో మొగుడూ పెళ్ళాలు రోజూ మాట్లాడుకోవడమే గానీ ఒక మాట మీదికి వచ్చింది లేదు. ఈలోగా అత్తగారు ఏకంగా దేవుడి పేరు మీద గృహప్రవేశం చేసేసింది!

సంగతేమిటంటే, వాళ్ళు చేవెళ్ళలో ఉంటున్నది రెండు గదుల కిరాయి ఇల్లు. ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరింది, ఎండాకాలానికల్లా ఖాళీ చెయ్యాలని మర్యాదగానే చెప్పాడు. ఎస్తేర్ మొగుడు జయరాజ్ మొయినాబాద్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో క్లర్కు. ఎస్తేర్ చేవెళ్ళలోనే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. మళ్ళీ ఇంకో కిరాయి కొంపకు గిన్నెలూ మంచాలూ మోసేకంటే, చేతిలో ఉన్న పొదుపుకు బ్యాంకు లోను కలిపి సొంతిల్లే కొందామనుకున్నారు. మొయినాబాద్‌లో ఒకే గల్లీలో రెండిళ్ళు చూశారు. ఒకటి ప్రేమమ్మ చెప్పిన మూడు బెడ్రూములది. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా ఎవరిదో గులాబీ తోట. రెండోది రెండు గదులు, ఇరుకు వంటిల్లు, బయటినుంచి మిద్దె మీదికి మెట్లు. ఎండా ఆకాశమూ తప్ప పైన ఏముంటుందిలే అని ఎవరూ ఎక్కి చూడలేదు. పెద్దదానికి నలభై లక్షల అప్పు కావాలి. చిన్నదానికి ఇరవై రెండు చాలు.

లోను ఇప్పించే ఏజెంటు ఫోనులో లెక్కలు వేశాడు. "మీ ఇద్దరి జీతాలకు నలభై ఎటూ పోదు మేడం. ఇంక కావాలన్నా చూద్దాం" అన్నాడు, పెళ్ళి పందిట్లో ఇంకో గరిటె వడ్డించేవాడిలాగా. వడ్డించేవాడికేం? అరిగించుకోవాల్సింది తిన్నవాళ్ళు కదా.

నిజం చెప్పాలి. ఆ గులాబీ తోట కిటికీ దగ్గర ఎస్తేర్ కూడా చాలాసేపే నిలబడింది. ఆశ ఎవరికి చేదు? కానీ నలభై లక్షల కిస్తీ కట్టి, పైన ఇల్లు నడవాలంటే ఆమె మళ్ళీ నైట్ డ్యూటీలకు పోవాలి. ఆ మాట జయరాజే అన్నాడు, నేల చూపులు చూస్తూ.

నైట్లు మానేసి రెండేళ్ళయింది. అంతకుముందు ఆరేళ్ళు చేసింది. పొద్దున ఇల్లు చేరేసరికి కూతురు ఆశా బడికి బయల్దేరేది. సాయంత్రం ఆశా వచ్చేసరికి ఈమె బయల్దేరేది. ఒకసారి బడిలో "మా అమ్మ" అని బొమ్మ గీయమంటే ఆ పిల్ల తలుపూ, తలుపులోంచి బయటికి పోతున్న ఒక వీపూ, వీపు మీద బ్యాగూ గీసింది. మొహమే లేదు. ఎస్తేర్ ఆ బొమ్మ చూసి దవాఖాన బాత్రూములో నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది. మర్నాడే నైట్లు తన వల్ల కాదని చెప్పేసింది. ఇప్పుడు నలభై లక్షలంటే ఆమెకు వినిపించేది డబ్బు కాదు, ఆ వీపు. కిస్తీ ఇరవై ఏళ్ళు. అప్పటికి ఆశా తన దారి తను చూసుకుంటుంది, ఇక అమ్మ మొహం చూసేదెప్పుడు?

అలాంటి సమయంలో ఈ సాక్ష్యం.

చర్చి విడిచిందో లేదో స్త్రీల సమాజం పెద్ద సాలమ్మ ఎదురొచ్చింది. సాలమ్మ నోరు మంచిదే, కాకపోతే దానికి గడియ లేదు. "ఏం ప్రేమమ్మొదినె, చాటుగ ఇల్లే కొన్నరు! గంత పెద్ద హాలంటే ఏసీ గూడ ఉన్నదా ఏంది?" అంది. అయ్యగారు తన డైరీ తీసి, ఈస్టర్ తర్వాత రెండో శనివారం సాయంత్రం ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన అని రాసుకున్నారు. ప్రేమమ్మ అన్నిటికీ తలూపింది. జయరాజ్ చెప్పుల కోసం వెతుకుతున్నట్టు వంగి, ఎంతకీ పైకి లేవలేదు.

ఇంటికి వచ్చాక ఎస్తేర్ ఇక ఆగలేకపోయింది. "అత్తమ్మా, బయానా గూడ ఇయ్యలే. గట్లెట్ల చెప్పిన్రు?"

"విశ్వాసమంటే గదే బిడ్డా" అంది ప్రేమమ్మ, ఏమాత్రం తొణక్కుండా. "చేతికొచ్చినంక చెప్తే అది విశ్వాసమెట్లయితది? అంగడిల కొన్న సామాను చూపిచ్చినట్టయితది. దేవునికి మీ జీతాల కాయిదాలు చూపియ్యాల్నా?"

"దేవునికొద్దు. బ్యాంకోళ్ళకు కావాలె."

"ఇస్తమంటున్నరు కద బ్యాంకోళ్ళు! నలభై ఇస్తమంటే ఇరవై రెండు చాలంటవేందే? దేవుడు గంప పడితే నువ్వు గిన్నె పడ్తవా?"

జయరాజ్ మంచివాడే. తాగడు, తిరగడు, పెళ్ళాం గిన్నెలు తోముతుంటే తనొచ్చి కడుగుతాడు. తల్లి ముందు మాత్రం అతని నాలుక లేవదు. భర్త పోయాక పొలాల్లో కూలి చేసి తనను డిగ్రీ దాకా చదివించిన మనిషి. ఆమెను కాదనడం అతనికి చేతగాదు. "అమ్మ సంఘం ముందట చెప్పింది ఎస్తేరూ. ఇప్పుడు చిన్నిల్లంటే ఆమె మాట పోతది. జర సోంచాయించు. నైట్లు ఒక్క నాలుగైదేండ్లు చేస్తే, అప్పటిదాక నాకు ప్రమోషన్ రాదా?"

"మీ కాలేజీల ప్రమోషన్ ఎప్పుడొచ్చింది? పోయినసారి కుర్చీ మార్చిన్రు, గంతే."

జయరాజ్ నవ్వబోయి, నవ్వితే తప్పేమోనని మానుకున్నాడు.

ఎస్తేర్ రెండు రోజులు లోలోపలే కుమిలింది. అత్తను అబద్ధాలకోరును చెయ్యాలి, లేదా పిల్లను మళ్ళీ తల్లి లేనిదాన్ని చెయ్యాలి. ఈ రెండింట్లో దేన్ని ఎంచుకోమంటారు? మూడోనాడు బియ్యం ఏరుతూ ఉండగా, భస్మ బుధవారం దగ్గరికొచ్చిందని గుర్తొచ్చింది. అప్పటినుంచి ఈస్టర్ దాకా ఉపవాసాల శ్రమ దినాలు. ప్రేమమ్మ ఏటా ఆ రోజుల్లో ఏదో ఒకటి వదిలేస్తుంది. ఒక ఏడు చాయ్, ఒక ఏడు మాంసం. ఆ వదిలేసిన దాని గురించి అందరికీ చెబుతుంది కూడా.

"అత్తమ్మా, ఈసారి శ్రమ దినాలల్ల చాయ్ ఇడిసిపెట్టుడు గాదు. పెద్దింటి కిస్తీ ఉపాసముందాం" అంది ఎస్తేర్.

"అంటే ఏందే?"

"నలభై లక్షలు తీసుకున్నట్టే అనుకుందాం. జీతాలు పడంగనే ఆ కిస్తీ తీసి పక్కకు పెడదాం. కొత్తింట్ల కిరాయి ఉండది కాబట్టి మన కిరాయి గూడ ఆ పక్కకు పెట్టిన పైసలల్లనే కడదాం. నేను నైట్లకు పోను. మిగిలిన దాంతోని ఇల్లు నడిస్తే ఈస్టర్ అయినంక నలభైకి సంతకం పెడ్త, నోరెత్త. నడువకుంటే చిన్నిల్లే. నన్ను నైట్లకు పొమ్మని ఎవ్వరు అనొద్దు."

ప్రేమమ్మ కళ్ళు మెరిశాయి. "ఉపాసంల నాతోనా పందెం? లంగా ఓణీలు కట్టనప్పటి సంది ఉపాసముంటున్న నేను! రాసుకో, ఏసుకో పందెం!"

అలా మొదలైంది. ఒక్కమాట చెప్పుకోవాలి, ప్రేమమ్మ పందెంలో తొండి చెయ్యలేదు. సంఘానికి ఇచ్చే దశమ భాగం మొదట తీసింది, తర్వాత కిస్తీ తీసింది, మిగిలింది చూసి "ఇంతేనా?" అని ఒక్కసారి అనుకుంది, కొంగు బిగించింది. జయరాజ్ బండి ఇంట్లో పెట్టి బస్సెక్కాడు. ఆదివారం మటన్ పోయి పప్పుచారు వచ్చింది. మార్కెట్ ఎత్తేసే వేళకు ప్రేమమ్మ సంచి పట్టుకుని పోయి, రైతులు ఇంటికి మోసుకుపోలేక వదిలించుకునే టమాటాలు తెచ్చేది. పచ్చిపులుసుతో ఒక పూట, టమాటా తొక్కుతో ఒక పూట. జయరాజ్ పళ్ళెం ముందు కూర్చుని మౌనంగా ప్రార్థన చేసేవాడు. అది ఎప్పటికన్నా పొడుగ్గా ఉండేది.

మొదటి రెండు వారాలు చూసి ఎస్తేర్‌కు భయం పట్టుకుంది. అత్తమ్మ గెలిచేలాగే ఉంది! ముసలామె ఉషారుగా ఉంది, పాటలు పాడుకుంటోంది, పైగా "చూసినవా, దేవుడు నడిపిస్తడు" అంటోంది. తను తవ్విన గోతిలో తనే పడేట్టుంది. దవాఖానలో నైట్ డ్యూటీల చార్టు దగ్గర నిలబడి తన పేరు ఎక్కడ రాస్తారోనని ఊహించుకుని, కళ్ళు తిప్పేసుకుంది.

ఇక్కడ దేవుని డబ్బా సంగతి చెప్పాలి. ఆ సంఘంలో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసినప్పుడల్లా, కడిగే ముందు ఒక పిడికెడు దేవుని పేరున విడిగా డబ్బాలో వేస్తారు. నెలకొకసారి స్త్రీల సమాజం కూడినప్పుడు అన్ని డబ్బాలూ తెచ్చి ఒకే సంచిలో పోస్తారు. ఆ బియ్యం అమ్మిన పైసలు ఆదరువు లేని విధవరాళ్ళకు పోతాయి. ప్రేమమ్మ డబ్బా స్టీలుది, మూతకు సొట్ట. పెళ్ళయిన నాటినుంచి ఆమె ఏ పూటా అందులో పిడికిలి వెయ్యకుండా ఎసరు పెట్టలేదు.

ఒక సాయంత్రం ఎస్తేర్ డ్యూటీనుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నీళ్ళు తాగుతోంది. ప్రేమమ్మ బియ్యం తీసింది, అలవాటుగా నిండా పిడికిలి పట్టింది. అప్పుడే లోపలినుంచి ఆశా అరిచింది: "నానమ్మా, ఇయ్యాల జర ఎక్కువండు. నిన్న నాకు సరిపోలే."

ప్రేమమ్మ వేళ్ళు వదులయ్యాయి. సగం బియ్యం జారి మళ్ళీ పళ్ళెంలోనే పడ్డాయి. మిగిలిన సగం డబ్బాలో వేసి, మూత పెట్టి, బియ్యం కడగడం మొదలుపెట్టింది. ఏం చేసిందో ఆమెకే తెలిసినట్టు లేదు. పాట మాత్రం ఆగిపోయింది.

ఎస్తేర్‌కు అది కనిపించింది. "చూసిన్రా అత్తమ్మా!" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. గెలుపు చేతికందినట్టే. కానీ పిల్లకు అన్నం సరిపోలేదన్న మాట ఆమెను పొడిచేసింది. పందెం పెట్టింది తను. ఎనిమిదో ఏట అమ్మ బొమ్మకు మొహం గీయని పిల్ల, పదో ఏట అన్నం చాలలేదంటోంది. తన మీద తనకే అసహ్యం వేసింది. తన పళ్ళెంలో అన్నం ఆ పూట ఆశా పళ్ళెంలోకి మార్చింది. తర్వాతి రోజుల్లో గమనించింది. పిడికిలి మళ్ళీ నిండలేదు.

శనివారం సాలమ్మ ఇంట్లో కూడిక. పాటలయ్యాయి, వాక్యమయింది, డబ్బాలు ముందుకొచ్చాయి. సాలమ్మ ఒక్కొక్కటీ అందుకుని సంచిలో గుమ్మరిస్తోంది. ప్రేమమ్మ డబ్బా ఎత్తగానే ఆమె చెయ్యి జర్రున పైకి లేచింది, బరువనుకుని ఎత్తిన చెయ్యి కదా.

"ఓయమ్మో! ఇదేందొదినె, గాల్లకు లేస్తున్నది? మూడు బెడ్రూములు రాంగనే దేవునికి సగమేనా?"

అందరూ నవ్వారు. సాలమ్మ కూడా సరదాకే అంది. ప్రేమమ్మ వాళ్ళతోపాటు నవ్వింది. నవ్వుతూనే డబ్బాలోకి చూసింది. చూసి, ఇక నవ్వలేదు.

తిరిగి వస్తుంటే దారంతా ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని నడిచింది. మార్కెట్ దాటాక మూసిన దుకాణం అరుగు మీద కూలబడింది. ఎస్తేర్ కూడా పక్కన కూర్చుంది.

"నువ్వు చూసినవా ఎస్తేరూ?"

"చూసిన అత్తమ్మా."

"మరి చెప్పకపోతివి?"

"మీ చెయ్యి. నేనేం చెప్త?"

ప్రేమమ్మ తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది. "మీ మామ పోయిన ఏడు ఇంట్ల గింజ లేదు. అడుక్కొచ్చిన బియ్యంల గూడ నిండ పిడికిలి తీసిన. ఆకలికి తగ్గని చెయ్యి బిడ్డా ఇది. గిప్పుడు ఒక హాలు కోసం తగ్గింది." "పోరి అన్నం సరిపోలేదన్నది. దేవుని పిడికిలిలకెల్లి తీసి దానికి పెట్టిన. దేవునికి తక్వ, పోరికి తక్వ. మొత్తం బ్యాంకోని పేరునే పాయె."

"హాలంటే ఎందుకత్తమ్మా గంత ఇష్టం?" అడగక అడగక అడిగింది ఎస్తేర్. ఇన్నాళ్ళూ అది సాలమ్మ ముందు గొప్పకే అనుకుంది.

"ముడిమ్యాలల మా తల్లిగారింట్ల కూడిక పెడితే సగం మంది వాకిట్ల నిలవడేది. వానొస్తే పాట నడుమల ఆపి ఉరికేటోళ్ళు. మా అమ్మ ఏడ్చేది, వచ్చినోళ్ళను కూసోబెట్టలేకపోయిన్నని. నా ఇంట్ల ఎవ్వరు నిలవడొద్దని గప్పుడే అనుకున్న. ఇన్నేండ్లు కిరాయి గదులల్ల ఎక్కడ కూసోబెడ్త?"

ఎస్తేర్‌కు ఆమె మీదున్న కోపమంతా ఆ అరుగు మీదే కరిగిపోయింది. ఈ మాట నెల కిందట అడిగి ఉంటే ఎంత బాగుండేది! ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఇల్లు ఎంతదో మాట్లాడారు గానీ ఎందుకో మాట్లాడుకోలేదు.

"చిన్నింటికి మెట్లున్నయి కద అత్తమ్మా. మిద్దె మొత్తం మనదే. సమాజమంత కూసున్నా జాగ మిగులుతది."

"వానొస్తే?"

"కిందికి దిగుదాం. ఉరికే పనేమున్నది? మన ఇల్లే కద. రెండు గదులల్ల ఒకల మీద ఒకలు కూసుంటరు."

ప్రేమమ్మ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "మిద్దెకు పిట్టగోడ లేదు. కట్టియ్యాలె" అంది. ఎస్తేర్‌కు ఆ మాట చాలు. పిట్టగోడ గురించి మాట్లాడిందంటే ఆమె ఆ ఇంట్లోకి వెళ్ళిపోయినట్టే.

ఈస్టర్ పొద్దున చర్చి కిటకిటలాడింది. సాక్ష్యాల వేళ ప్రేమమ్మ లేచింది. జయరాజ్ మగవాళ్ళ వరసలో తల వంచుకున్నాడు, చెప్పులు వెతుక్కునే అవకాశం కూడా లేదు పాపం.

"సంఘానికి వందనాలు. పోయినసారి నేను లేచి తప్పు జెప్పిన" అంది ప్రేమమ్మ. "దేవుడు మూడు బెడ్రూములిచ్చిండని చెప్పిన. దేవుడియ్యలే. బ్యాంకు ఇస్తనన్నది. ముసల్దాన్ని, బ్యాంకును చూసి దేవుడనుకున్న."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అయ్యగారే నవ్వేశారు.

"దేవుడిచ్చింది రెండు గదులు, ఒక మిద్దె. బయానా నిన్ననే ఇచ్చినం, అడుగుండ్రి మావోన్ని. హాలు లేదు. కూడిక మిద్దె మీద. నా డబ్బ ఎందుకు అల్కగైందో సాలమ్మ అడిగింది. నేను ఎక్వ అప్పు మీద మనసు పెట్టిన, నా చెయ్యి చిన్నగైంది. గీ అప్పుకైతే నా చెయ్యి నిండుగనే ఉంటది. నన్ను క్షమించమని దేవున్ని అడిగిన, మిమ్మల్ని గూడ అడుగుతున్న."

ఈసారి "ఆమెన్" అన్న మొదటి గొంతు ఎస్తేర్‌ది. అరిచినంత పని చేసింది. అటువైపునుంచి సాలమ్మ, "మెట్లెక్కలేనోళ్ళ సంగతేంది ఒదినె?" అంది. "మా జయరాజ్ ఎత్తుకపోతడు" అంది ప్రేమమ్మ. "నన్నా? పాపం పోరడు!" అని సాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంటే, చర్చి కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు.

అయ్యగారి డైరీలో తేదీ మార్చే పని పడలేదు. బ్యాంకు పనులు ఇంకా నడుస్తున్నాయి గానీ, బయానాతోపాటు పొదుపు పైసలన్నీ ముట్టాయి కదా, ఇల్లమ్మినాయన తాళం ముందే ఇచ్చేశాడు. రెండో శనివారం సాయంత్రం చేవెళ్ళనుంచి ఆటోలలో సంఘమంతా మొయినాబాద్‌లో దిగింది. గుమ్మం దగ్గర ప్రార్థన చేసి, రిబ్బను కత్తిరించి, లోపలికొచ్చారు. రెండు గదులూ నిండి, గల్లీలోకి పొంగారు. సాలమ్మ మధ్యలో రెండుసార్లు ఆగి, ఇద్దరిని తిట్టి, మొత్తానికి తన కాళ్ళ మీదే మెట్లెక్కింది. పిట్టగోడ సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.

కింద ఇరుకు వంటింట్లో ఎస్తేర్ అందరికీ అన్నం వండడానికి బియ్యం తీసింది. ప్రేమమ్మ సొట్టమూత డబ్బా పట్టుకుని వచ్చింది. చెయ్యి ముంచి, వేళ్ళ సందుల్లోంచి గింజలు రాలేంత నిండుగా పిడికిలి పట్టి, డబ్బాలో వేసింది. పళ్ళెంలో బియ్యం గుట్ట అలాగే ఉంది. ఎస్తేర్ ఫోను మోగింది. దవాఖాననుంచి. "సిస్టర్, ఇయ్యాల నైట్‌కు ఎవ్వరు లేరు, జర వస్తవా?" "లేదక్కా, రాను. మా ఇంట్ల కూడిక ఉన్నది" అంది ఎస్తేర్. మా ఇంట్ల అన్న మాట ఫోను పెట్టేశాక తనలో తను ఇంకోసారి అనుకుంది.

ఎసరు పెట్టి ఆమె మిద్దె మీదికి వెళ్ళేసరికి ఆశా చాప మీద జాగా పట్టి ఉంచింది. కూర్చోగానే ఒళ్ళో తల పెట్టుకుని, కింది నుంచి అమ్మ మొహంలోకి చూస్తూ, "ఇయ్యాల ఎక్కడికి పోవు కద?" అంది. "పోను బిడ్డా" అంది ఎస్తేర్. గులాబీ తోట మీదుగా గాలి వస్తోంది. పెద్దింటి కిటికీకే కాదు, ఈ మిద్దెకూ ఆ తోట కనిపిస్తుంది. ఆ సంగతి ఇల్లు చూసిన రోజు మెట్లెక్కి ఉంటే తెలిసేది.

అందరికన్నా చివర ప్రేమమ్మ మెట్లెక్కి వచ్చింది. పైమెట్టు మీద ఆగి, చాపల మీద ఆ మూలనుంచి ఈ మూలదాకా చూసింది. ముసలివాళ్ళు కాళ్ళు చాపుకుని, పిల్లలు ఒళ్ళలో, మగవాళ్ళు ట్యాంకు పక్కన, అందరూ కూర్చునే ఉన్నారు. ఆమె పెదవులు కదిలాయి, తల్లితో ఏదో చెప్పుకున్నట్టుంది.

"జరుగుండ్రి, జరుగుండ్రి!" అని సాలమ్మ పాట మధ్యలోనే కేకేసింది. "ఇంటామెనే నిలవడ్డది."

అందరూ జరిగారు. ప్రేమమ్మ వచ్చి, కోడలి పక్కన కూర్చుంది.